గొలుసు పట్టుకుని మూడు మునకలు

పోయిన కార్తీకంలో లండన్ నుంచి విజయవాడ వెళ్లినప్పుడు, ఇంకా చీకటి ఉండగానే మా వదినతో కలిసి పద్మావతి ఘాట్‌కి వెళ్లాను. మెట్ల దగ్గరి గొలుసు పట్టుకుని, ఇంకో చేత్తో ముక్కు మూసుకుని ఆవిడ మూడు మునకలు వేసింది. మనిషి మొత్తం మునిగినా గొలుసు మీది పిడికిలి సడల్లేదు, వేళ్ల కణుపులు తెల్లబడిపోయాయి. అరటి దొప్పలో దీపం వదిలి, తల తుడుచుకుంటూ అడిగింది. "నువ్వక్కడ గడ్డకట్టే నీళ్లలో దిగుతున్నావంట కదా. యాభై దాటాక ఇవన్నీ అవసరమా అమ్మా?"

అవసరమే. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను పెరిగింది కృష్ణలంకలో. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క బందరు కాలువ. అన్నయ్య, వాడి స్నేహితులు లారీ ట్యూబు నడుముకి కట్టుకుని ఒక్క వేసవి సెలవుల్లో ఈత నేర్చేసుకున్నారు. నా పని గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలు చూస్తూ ఉండటం. ఆడపిల్ల తడిబట్టలతో వీధిలో ఎలా నడిచొస్తుంది అన్నది ఇంట్లోవాళ్ల బాధ. నీళ్ల పక్కనే పుట్టి, నీళ్లంటే భయంతోనే పెళ్లి చేసుకుని దేశం దాటి వచ్చినవాళ్లం మనలో ఎంతమందిమి ఉన్నామో ఒక్కసారి ఆలోచించండి.

నలభై ఆరో ఏట లండన్‌లో ఇంటి దగ్గరి పూల్‌లో పిల్లల మధ్య నిలబడి ఈత నేర్చుకున్నాను. తర్వాత ఒక స్నేహితురాలు ఇక్కడి పెద్ద పార్కు హాంప్‌స్టెడ్ హీత్‌లోని కెన్‌వుడ్ చెరువుకి తీసుకెళ్లింది. 1925 నుంచి అది ఆడవాళ్లకి మాత్రమే. చలికాలంలో కూడా తెరిచే ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. నేను సెప్టెంబరులో మొదలుపెట్టి వారం తప్పకుండా వెళ్లాను. నీళ్లు వారానికి కాస్త చల్లబడుతుంటే ఒళ్లు కూడా దానితో పాటే అలవాటు పడింది. జనవరికి 4 డిగ్రీలు. ఒక్కసారిగా జనవరిలో వెళ్లి దిగడం ధైర్యం కాదు, ప్రమాదం.

చన్నీళ్లు తగలగానే ఛాతీ తనంతట తనే గాలిని గుప్పున లోపలికి లాక్కుంటుంది. ఆపుదామన్నా ఆగదు. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. మంచి ఈతగాళ్లు కూడా చన్నీళ్లలో మొదటి నిమిషంలోనే మునిగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే దూకకూడదు. నిచ్చెన మీద ఒక్కో మెట్టూ దిగి, మెడ దాకా నీళ్లు వచ్చాక, ఊపిరి నెమ్మదిగా బయటికి వదులుతూ లెక్కపెట్టుకోవాలి. నేను తెలుగులోనే లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు... ముప్పై దాటేసరికి ఆ ఎగశ్వాస తగ్గుతుంది. అమ్మ చనిపోయిన ఏడాది, ఆఫీసు టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టని రోజుల్లో, నా ఊపిరి నా మాట వింటుందని నాకు తెలిసింది ఆ ముప్పై అంకెల్లోనే. నాకు అది చాలా పెద్ద విషయం.

షుగర్ తగ్గుతుంది, కొవ్వు కరిగిపోతుంది అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మి మాత్రం దిగకండి. చలికి చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, గుండె పరుగెడుతుంది. మనవాళ్లకి గుండెజబ్బులు, షుగర్ చిన్న వయసులోనే వస్తున్నాయి కదా. ముందు డాక్టరుతో మాట్లాడండి, ఈసీజీ తీయించుకోండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి చలీ తెలియదు, రాయి కోసుకున్నా తెలియదు.

మొదటి చలికాలంలో నేనూ ఒక తప్పు చేశాను. బాగానే ఉంది కదా అని ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉన్నాను. ఒడ్డుకి వచ్చిన పది నిమిషాలకి అసలు వణుకు మొదలైంది. నీళ్లలోంచి బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి కాసేపు తగ్గుతూనే ఉంటుంది. గుండీ పెట్టుకోలేకపోయాను, మాట తడబడింది. పక్కనున్నావిడ నా తడిబట్టలు విప్పి, పొడి బట్టలు తొడిగి, టోపీ పెట్టి, అల్లం టీ కప్పు తన చేత్తోనే పట్టుకుని తాగించింది. అలాంటప్పుడు వేణ్ణీళ్ల స్నానం చేస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. అప్పటినుంచి ఒంటరిగా ఒక్కసారి కూడా దిగలేదు.

ఐస్ స్విమ్మింగ్ అనే పోటీ క్రీడ కూడా ఉంది. 5 డిగ్రీలు, అంతకన్నా చల్లటి నీళ్లలో మామూలు స్విమ్ సూట్‌తో మైలు ఈదితే దాన్ని ఐస్ మైల్ అంటారు. నాకు దాని మీద ఆశ లేదు. నన్ను కదిలించింది గోలి శ్యామల గారు. నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో మనకీ శ్రీలంకకీ మధ్యనున్న పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు, రోజుకి కొంత చొప్పున ఈది, 2025 జనవరి మొదటివారంలో ఒడ్డుకి చేరారు. అవి చన్నీళ్లు కావు, సముద్రం.

ఇక్కడి మన తెలుగు సంఘం క్రికెట్‌కి, త్రోబాల్‌కి ప్రతి ఏడూ గ్రౌండ్ అద్దెకి తీసుకుంటుంది. శీతాకాలం వచ్చేలోపు వారానికి ఒక గంట పూల్ కూడా తీసుకోండి, నలభై దాటిన ఆడవాళ్లకి. నేర్పేవాళ్లు ఆడవాళ్లే అయితే మేలు. ఒళ్లంతా కప్పే స్విమ్ సూట్‌లు దొరుకుతున్నాయి, సిగ్గుపడాల్సిన పని లేదు. చెరువు సంగతి, చలి సంగతి ఆ తర్వాత. ముందు నీళ్లలో తేలడం రావాలి. మొదటి బ్యాచ్‌కి తోడుగా నేను వస్తాను.

వదినని కృష్ణలో గొలుసు వదలమని నేను అనలేదు, అననూ అనను. ఇసుక తవ్విన గుంతలు ఎక్కడున్నాయో పైకి కనబడవు. నేను బయల్దేరడానికి రెండు రోజుల ముందు, గాంధీనగర్‌లో మునిసిపాలిటీ వాళ్ల ఈత కొలనులో ఆడవాళ్లకి విడిగా టైం ఉందేమో కనుక్కుని రమ్మని ఆవిడే అన్నయ్యని పంపించింది.