కాటా ఎందుకురా, సూస్తే తెల్దేటి

పాముండే ట్యాంకు ఎన్నిసార్లు కడిగినా కంపు పోవట్లేదు. సగం అరిగిన ఎలక కంపు ఎలా ఉంటుందో మీకు తెలీదంటే మీరు పూర్వజన్మలో పుణ్యం చేసుకున్నట్టే. నేను పార్వతీపురం పెళ్లికెళ్లి వచ్చేలోపు మా బాబాయి నా పాముకి విందు పెట్టాడు, రాత్రి అది మొత్తం కక్కేసింది. పెట్టమని ఎవరైనా అడిగారా? "నీళ్లు మార్చు చాలు బాబాయ్, తిండి సంగతి నేనొచ్చాక చూస్తా" అని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి మరీ చెప్పాను. పాపం పస్తుందని జాలేసిందంట. ధాన్యం గదిలో బోనుకి పడ్డ ఎలకని, బతికున్నదాన్ని, తోక పట్టుకుని అలాగే లోపల పడేశాడు.

నాది బాల్ పైథాన్, అంటే ఆఫ్రికా వైపు చిన్నజాతి కొండచిలవ, ఇంకా పిల్లే, మొన్న తూస్తే 420 గ్రాములుంది. (కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేసిన పాము, కాబట్టి "ఫారెస్టోళ్లకి చెప్తాం" బ్యాచ్ కాస్త పక్కకి జరగండి. మన దేశం పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం అని నాకూ తెలుసు, నేనేం పొలంలో జెర్రిపోతుని పట్టుకొచ్చి పెంచట్లేదు.) ఈ వయసులో దాని బరువులో 10 శాతం దగ్గర్లో పెట్టాలి, మహా అయితే 15. అంటే 40 నుంచి 60 గ్రాముల ఎలకపిల్ల. కాటా లేదా, ఏం పర్లేదు, పాము ఒళ్లు ఎక్కడ బాగా లావుందో చూసి అంత లావు ఎలక పెట్టు, అంతకి మించకు. దీనికి ఐఐటీ సీటు అక్కర్లేదు కదా. బోనులో పడ్డ ఆ ఎలక 150 గ్రాములకి తక్కువుండదు. మీరు అన్నం తినే మనిషికి మూడు పూటలది ఒకేసారి కూరినట్టు.

అడిగితే ఏటన్నాడో తెలుసా. "కొండచిలవ మేకని మింగేస్తాది, నీది ఎలకని మింగలేదేటి. మింగిందిగా మరి!" అవును మింగింది. మింగడం దానికి పెద్ద పనేం కాదు, పాము కింది దవడ రెండు ముక్కలూ ముందు అతుక్కుని ఉండవు, సాగుతాయి, తలకంటే పెద్దది కూడా లోపలికి పోతుంది. అరగాలి కదా నాయనా. అరగాలంటే ఒంటికి వేడి కావాలి, ట్యాంకులో ఓ పక్క 31, 32 డిగ్రీలు ఉండాలి, అది కూడా దానంతటది తెచ్చుకోలేదు. ఈ చలిలో మా బాబాయి ఏం చేశాడు, రాత్రిపూట హీట్ మ్యాట్ స్విచ్చు ఆపేశాడు. కరెంటు బిల్లంట! టీవీలో సీరియల్ చూస్తూ నిద్రపోయేవాళ్లకి అప్పుడు గుర్తుండదు బిల్లు.

ఇంక బతికున్న ఎలక సంగతి. మూలకి చిక్కిన ఎలక ఊరికే ఉండదు, కొరుకుతుంది, పాముల కళ్లు పోయిన సంగతులు విన్నాం. అందుకే నేను ఫ్రీజర్లోవి తెప్పించుకుని గోరువెచ్చని నీళ్లలో కరగనిచ్చి పటకారుతో పెడతాను. పైగా అది ఊళ్లో తిరిగిన ఎలక, చుట్టూ పొలాల్లో బ్రోమాడియోలోన్ అనే ఎలకల మందు కలిపిన ఎరలు పెడతారు, అది తిన్న ఎలకని తింటే తిన్నదానికీ విషమే. ఇదంతా చెప్తుంటే మా పిన్ని మధ్యలో వచ్చి "పోన్లే, కడుపులో మంటగా ఉంటాది, కాసిన్ని పాలు పోయరాదూ" అంది. నాగుల చవితికి కూడా ఇదే గొడవ, పుట్ట దాకా నడవడం ఎందుకు ఇంట్లోనే స్వామి ఉన్నాడుగా అని ట్యాంకు ముందు గుడ్డూ చిమ్మిలీ పెట్టేసింది. పాముకి పాలు అరగవు పిన్నీ అంటే దేవుణ్ణి తిట్టినట్టు చూస్తుంది.

కక్కడం అంటే మనం ఏదో పడక వాంతి చేసుకున్నట్టు కాదు, కడుపులో యాసిడ్ గొంతు దాకా వచ్చి కాలుస్తుంది. ఇప్పుడు రెండు వారాలు ఏం పెట్టకూడదు, నీళ్లే. తర్వాత మామూలు సైజులో సగం, అది నిలిస్తే అప్పుడు మెల్లగా. చిట్టెలుక పిల్లల దగ్గర్నుంచి నెలనెలా తూచి, పుస్తకంలో రాసి, ఒక్కో సైజూ పెంచుకుంటూ తెచ్చాను. ఇంకొంచెం పెరిగితే వారం వారం కాదు, పది పదిహేను రోజులకోసారి పెట్టొచ్చు, బాగా పెద్దయ్యాక 5 శాతం చాలు, లేకపోతే కొవ్వు పట్టి చస్తుంది. ఆ పుస్తకం ట్యాంకు పక్కనే ఉంది. బాబాయి దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"కాటా ఎందుకురా, సూస్తే తెల్దేటి" అంటాడు. ఇదే మనిషి రైతు బజార్లో వంకాయలు యాభై గ్రాములు తగ్గాయని కాటా కింద వేలు పెట్టి చూస్తాడు. పక్క షాపులో మళ్లీ తూయిస్తాడు. డబ్బులు తనవైతే కాటా, పాము నాదైతే కన్ను.

కన్ను అంటే గుర్తొచ్చింది, ఈ కన్ను మా ఇంటికి చేసిన ఉపకారం మామూలుది కాదు. తాతగారి స్థలానికి ప్రహరీ కట్టేటప్పుడు సర్వేయర్ని పిలుద్దాం అని నాన్న మొత్తుకున్నాడు, "వాడికి దండగ, నాను సూసి చెప్తాను" అని ఈయనే తాడు పట్టుకున్నాడు. గోడ రెండడుగులు లోపలికొచ్చింది. తాత పాతిన మామిడిచెట్టు గోడకి అవతల పడింది. అడగడానికి వెళ్తే పక్కింటోళ్లు "మీ బాబాయే కదండీ గీత గీసింది" అన్నారు, ఏం మాట్లాడతాం. మొన్న వేసవిలో ఆ చెట్టు కాయలే ఓ సంచిలో వేసి మాకు పంపించారు. బాబాయి సంచి అందుకుని, ఓసారి అలా పైకెత్తి చూసి, "రెండు కేజీలుంటాయ్, మంచోళ్లురా" అన్నాడు.