ఎర్రగీత గారికి, కడప నిండా నమస్కారాలతో

లక్ష్మీసమానురాలు, కంప్యూటర్ తెర నివాసిని, అక్షరదోష నివారిణి, వంకర టింకర రూపిణి అయిన ఎర్రగీత గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయు విన్నపాలు.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క నా పరువు తప్ప.

మొన్న ఆదివారం మా పెద్దమ్మ సంవత్సరీకం. ఆవిడ జ్ఞాపకార్థం పదహారు పేజీల చిన్న పుస్తకం వేశాం, నూట యాభై కాపీలు. ఇంట్లో నాలుగు ముక్కలు రాయగలిగేవాడిని నేనేనని రాసే పని నా నెత్తిన పెట్టారు. భోజనాలకు ముందు మా అక్కకూతురు మైకు పట్టుకుని మొదటి పేజీ చదివింది. "ఆకలన్నవాడు ఏ వేళకొచ్చినా కడప నిండా అన్నం పెట్టిన చెయ్యి మా పెద్దమ్మది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక కుర్చీలోంచి మా బాబాయి, "కడపలో మనోళ్లు ఎవులున్నార్రా?" అన్నాడు.

విజయనగరం దాటి ఎరగదండీ మా పెద్దమ్మ. ఆ విజయనగరమైనా పైడితల్లి సిరిమానుకీ, కంటి ఆపరేషనుకీ. రాష్ట్రానికి ఈ చివర పుట్టి ఈ చివరే పోయిన మనిషిని, పోయిన ఏడాదికి ఆ చివరనున్న కడపకు తోలుకెళ్లి, ఊరందరికీ సంతర్పణ చేయించారు తమరు.

కడప మీద నాకేం కోపం లేదు. తిరుమల కొండకు గడప లాంటిది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. దొరలనాటి ఇంగ్లీషు స్పెల్లింగును కూడా 2005లో సర్కారువారు దిద్దుకున్నారు. ఆ ఊరిపేరు తప్పు లేకుండా ఉండాలని ఇంతమందికి పట్టుదల ఉంది. నా వాక్యంలో కడుపు గురించే ఎవరికీ పట్టలేదు.

తప్పు మొదట చేసింది మీ తమ్ముడు, ఆ ఫోన్లో ఉండే సలహాల పట్టీ. ఇంగ్లీషు అక్షరాల్లో సగం మాట కొట్టానో లేదో, కడప, కడుపు, కాదు అని మూడూ వరసగా పరిచాడు. నా బొటనవేలు మొదటిదాని మీద పడింది. సరే, కుర్రాడు, తొందరపాటు. పెద్దవారు తమరున్నారు కదా చూసుకోవడానికి అని అదే రాత్రి కంప్యూటర్లోకి ఎక్కించాను. తమరు చూశారు. ఆ ఒక్క పేజీలో ముప్ఫై ఒక్క చోట్ల ఎర్రగా గీశారు. పెద్దమ్మ ఇంటిపేరు కింద గీత. ఊరిపేరు కింద గీత. రోజూ పొద్దున్నే ఆవిడ కాచిన చోడంబలి కింద గీత. కడప కింద మాత్రం పాలరాయిలా తెల్లగా ఉంది.

సెలవులకెళ్తే గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని, "ఏటి నాన్నా, అలా సిక్కిపోనావు?" అనేది. ఆవిడ మాట ఆవిడ నోట ఎలా వచ్చిందో అలాగే రాశాను. మీరు "సిక్కిపోనావు" కింద గీత గీశారు. ఏమంటారో చూద్దామని కుడి బటన్ నొక్కాను. మొదటి సలహా: సిక్కిం.

సిక్కిం! విజయనగరం బస్టాండులోనే దారి తప్పే మనిషిని మీరు హిమాలయాలెక్కిస్తున్నారు. అర్థంతో మీకు పని లేదని ఆ రోజే తెలిసింది. ఎన్ని అక్షరాలు మారిస్తే మీ పట్టీలోని మాట ఒకటి తయారవుతుందో లెక్కేస్తారు, ఏది దగ్గరైతే దాన్ని ముందు పెడతారు. అంతే. పక్కనే "నిండా అన్నం" అని రెండు మాటలున్నా తల తిప్పి చూడరు. కడప మీ పట్టీలో ఉంది, కాబట్టి కడప నిండా అన్నం తినవచ్చు.

తెలుగు మీకు కొరుకుడు పడని మాట నిజమే, ఒప్పుకుంటాను. "తిన్నాడనుకుందేమోననుకున్నాను" అంటాం మేం, ఒక్క గుక్కలో. తిన్నాడు, అనుకుంది, ఏమో, అని, అనుకున్నాను అని విడగొడితే ఐదూ మీకు సమ్మతం. కలిపి పలికితే నేరం. ఒక్క "తిను"కే ఇలాంటి తోకలు వందలకు వందలు, అన్నీ ఒక పట్టీలో రాసిపెట్టడం ఎవరివల్లా కాదు. అయితే హంగేరియన్‌లోనూ మాటకు తోకలు ఇలాగే వరసగా అంటుకుంటాయి. వాళ్లు చేతులెత్తేయలేదు. మాటలు ఒక ఫైల్లో, తోకల నియమాలు ఇంకో ఫైల్లో పెట్టి, హన్‌స్పెల్ అని తప్పులు పట్టే ఇంజనొకటి కట్టుకున్నారు. ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ తమరు నడిచేది ఆ ఇంజను మీదే. అంటే ఇల్లు గట్టిదే. మన వాటాలో సామానే సర్దలేదు.

పోనీ మాండలికం మీ సిలబస్‌లో లేదనుకుందామా? మీరు వర్డ్‌లో ఎర్రగా వంకర్లు తిరగడం మొదలెట్టింది 1995లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మా శ్రీకాకుళం గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడేదే రాయాలని పండితులందరితో తగువు పెట్టుకుని నెగ్గారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకు తెలుగు భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఆగస్టు 30న ఆయన జిల్లా మాట టైపు చేస్తే మీరు ఎర్రగా గీస్తారు. ఆయన గ్రాంథికం పండితులతోనైనా వాదించగలిగాడు. మీతో వాదించడానికి "ఇగ్నోర్" అని ఒక్క బటనుంది.

ఆ బటన్ దగ్గరే నా కొంప మునిగింది. ముప్ఫై ఒక్కసార్లు నొక్కాను. ఇది ఒప్పే, ఇదీ ఒప్పే, ఇది మా ఇంటిపేరు, ఇది మా ఊరు, ఇది మా పెద్దమ్మ. నొక్కీ నొక్కీ పేజీ తెల్లబడ్డాక, హమ్మయ్య, తప్పుల్లేవు అనుకుని పడుకున్నాను. చదవలేదు! వింటున్నావా? నేను రాసింది నేను చదవలేదు. నువ్వు గీసిన చోటల్లా నీతో తగువాడుతూ, నువ్వు గీయని చోట కళ్లు మూసుకున్నాను. వెనకటికి ప్రూఫ్ రీడర్లు పెన్ను ములికి ఒక్కో అక్షరం మీద ఆనించుకుంటూ పోయేవారు. అప్పుడూ అప్పుతచ్చులు పడేవి, ముద్రారాక్షసాలని నవ్వుకునేవాళ్లం. కానీ ఆ మనిషి నవ్వేవాడు, తిట్టేవాడు, "కడప ఏమిటండీ ఇక్కడ?" అని అడిగేవాడు. నువ్వు అడగవు. ఏడాదిగా ఆవిడ గురించి రాయాలని కూర్చుని లేచి, కూర్చుని లేచి, చివరికి రాసిన ఒక్క పేజీ, మొదటి వాక్యం, మైకులో, మూడు వందల మంది ముందు! నీ గీత తగలెయ్య.

ఏకవచనంలోకి దిగిపోయాను. ఇక మళ్లీ పైకెక్కే ఓపిక లేదు, ఇలాగే కానిద్దాం.

ఇంకా చిన్నాచితకా బాకీలున్నాయి. "వెళ్లి" రాస్తే ఒక చోట ఊరుకుంటావు, "వెళ్ళి" రాస్తే ఇంకో చోట. లోకంలో రెండూ అచ్చవుతున్నాయి, నువ్వు ముందు ఇంట్లో తేల్చుకో. "సాఫ్ట్‌వేర్"లో ట కింద వ ఇరుక్కోకుండా కంటికి కనపడని అక్షరమొకటి మధ్యలో పెట్టాలట, అది ఉంటే ఒక తీర్పు, లేకపోతే ఇంకో తీర్పు. ఇక ప్రెస్‌లో పాత ఫాంటులోకి మార్చగానే నువ్వు ఉండనే ఉండవు, ఒత్తులన్నీ అనాథలే.

అబద్ధం ఎందుకు, ఒక్కటి మాత్రం చెప్పాలి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో నేను "శ్రద్దాంజలి" అని కొట్టాను. ద కింద మళ్లీ ద. నువ్వు గీత గీశావు. విసుక్కుంటూనే ఇగ్నోర్ నొక్కబోయి, ఎందుకో ఆగి నిఘంటువు తీశాను. "శ్రద్ధ" అని ఉంది. ఇరవై ఏళ్లుగా తప్పు రాస్తున్నానన్నమాట, ఎంతమందికి సంతాపం తెలిపానో అంతమందికీ. నువ్వే లేకపోతే ఆ తప్పు నూట యాభై అట్టల మీద, ఆవిడ ఫొటో పైన, దండకు ఆనుకుని ఉండేది. ఆ ఒక్క ఒత్తుకీ నీకు రుణపడి ఉన్నాను. "సాంప్రదాయం" కూడా పట్టుకున్నావు. అదీ నీ ఖాతాలోనే వేసుకో.

కడప నుంచి కడుపుకి రావాలంటే రెండు కొమ్ములు చాలు. డకి ఒకటి, పకి ఒకటి. ఆదివారం మధ్యాహ్నం, జనం పంక్తుల్లో ఉండగా, నేనూ మా అక్కా వంటిల్లు పక్క గదిలో చాప మీద నూట యాభై కాపీలూ దిద్దడానికి కూర్చున్నాం. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే పెన్ను, మా అక్క పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను.

ఇట్లు,
మూడు వందల కొమ్ములు దిద్దవలసినవాడు

తా.క. కొమ్ములు రెండు వందల తొంభై ఎనిమిదే అయ్యాయి. ఆఖరి కాపీ బాబాయి చేతిలో ఉంది. దిద్దిస్తానని అడిగితే ఇవ్వలేదు. "ఉండనీరా," అన్నాడు, పుస్తకం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ. "మా వొదిన ఎలాగూ ఏ ఊరూ ఎరగదు. కడపైనా సూసినట్టుంటాది."