స్కాచ్ బోనెట్ దగ్గరే ఆగిపోకండి
కరీబియన్ దీవుల మిరపకాయల మీద ఒక వ్యాసం చదివానండీ, అందులో స్కాచ్ బోనెట్ అనే బాగా కారమైన రకం ఒక్కటే ఉన్నట్టు రాశారు, జమైకా వరకు ఓకే గానీ అక్కడిదే ఇంకో దీవి ట్రినిడాడ్ వెళ్తే మీరు వెతకాల్సినవి చాలా ఉన్నాయి. సెవెన్ పాట్ అని ఉంటుంది, ఒక్క కాయ ఏడు కుండల కూరకి సరిపోతుందని ఆ పేరు. మొరూగా స్కార్పియన్ అయితే 2012లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు టెస్ట్ చేస్తే కొన్ని కాయలు 20 లక్షల స్కోవిల్ (కారాన్ని కొలిచే యూనిట్) దాటాయి, మన గుంటూరు సన్నం 40 వేలు అటూ ఇటూ, అంతే! ఆ స్కార్పియన్‌ని నేను మార్కెట్లో చేతిలోకి తీసుకుని చూశా, ఒళ్లంతా ముడతలు బుడిపెలు, కింద తేలు కొండిలాగా సన్నటి తోక, కోస్తే లోపల నూనె చుక్కలు మెరుస్తున్నాయి, వాసనేమో బాగా పండిన పండు వాసన.

కానీ నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం పిమెంటో అనే సీజనింగ్ మిరపకాయతో. కారం దాదాపు ఉండదు, ఆ ఘాటు వాసన మొత్తం ఉంటుంది, దాన్ని వెల్లుల్లి, షాడో బెనీ ఆకుతో (కొత్తిమీర లాంటి వాసనే, ఇంకా గట్టిగా) కలిపి రుబ్బి చేపలకి పట్టిస్తారు. కారం రికార్డుల కోసమే వెళ్లేవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు, అదే నా బాధ. విత్తనాలు తెచ్చుకోవాలనుకుంటే మాత్రం క్వారంటైన్ రూల్స్ ముందే చూసుకోండి, పర్మిట్ కావాలి.