మూడు కాళ్ల కుందేలు

2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయారు. డిటొనేటర్లున్న ఓ ప్లాస్టిక్ సంచి మీద వేలిముద్ర దొరికింది. అది అమెరికాలో ఒరెగాన్‌కు చెందిన ఒక లాయర్‌దేనని ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చింది. ముద్రలు కలవడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే చెప్పినా, మే నెలలో ఆయన్ను అరెస్టు చేసింది. కోర్టు నియమించిన నిపుణుడూ ఆ ముద్ర ఆయనదే అన్నాడు. సరిగ్గా అదే రోజు, అది ఓ అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ ప్రకటించింది. రెండు వారాల నిర్బంధానికి అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, 20 లక్షల డాలర్లు చెల్లించింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాణ్ని మొండివాడు అంటాం. ఇక్కడ జరిగింది మొండితనం ఒక్కటే కాదు. మొదట కొన్ని గీతలు నిజంగానే కలిశాయి. ఆ తర్వాత నిపుణులు లాయర్ వేలిముద్రను చూసి, సంచి మీది మసక ముద్రలో లేని గుర్తులు కూడా ‘చూశారు’. అమెరికా న్యాయశాఖ విచారణలో తేలిన సంగతి ఇది. వాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లకు నిజంగానే మూడు కాళ్లే కనిపించాయి. మమ్మల్ని కలవరపెడుతున్నది అదే.

2006లో ఐదుగురు నిపుణుల మీద చేసిన ప్రయోగం ఇంకా భయపెడుతుంది. వాళ్లే ఒకప్పుడు ‘కలిశాయి’ అని తేల్చిన ముద్రలను మళ్లీ ఇచ్చి, ఇవి మాడ్రిడ్ కేసులో పొరబడినవని చెప్పారు. నలుగురు మాట మార్చారు. న్యాయరంగ నిపుణులూ దీనికి అతీతులు కారు. జర్మనీలో వాళ్లకు ఒక ఊహాజనిత దొంగతనం కేసు ఇచ్చి, శిక్ష చెప్పే ముందు పాచికలు వేయించారు. 9 పడ్డవాళ్లు సగటున 8 నెలలు, 3 పడ్డవాళ్లు 5 నెలలు అన్నారు.

కాబట్టి ‘మా అధికారులు నిజాయతీపరులు’ అన్న హామీ మాకు చాలదు. నిందితుడు ఒప్పుకున్నాడా, పాత నేరాలున్నాయా అన్న సంగతులు ల్యాబ్‌కు చేరకూడదు. ఘటనాస్థలంలో దొరికిన ముద్రలో ఏం కనిపించిందో ముందే రాసి సంతకం పెట్టాకే, అనుమానితుడి ముద్ర బయటకు తీయాలి. సాక్షి చేత నేరస్థుణ్ని గుర్తుపట్టించే గుర్తింపు పరేడ్ నడిపే అధికారికి అనుమానితుడెవరో తెలియకూడదు. వీటికి పెద్దగా ఖర్చు కాదు, కాస్త ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యాన్ని భరించాల్సిందే. నిపుణుడు బోనెక్కినప్పుడు న్యాయమూర్తి ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: ఈ అభిప్రాయం రాసేనాటికి నిందితుడి గురించి మీకేం తెలుసు?