ఆ గెలాక్సీలు కంప్యూటర్లో గీసిన బొమ్మలు కావు

వారం రోజుల్లో నా ఫోనుకు ఒకే వాట్సాప్ సందేశం ఆరుసార్లు వచ్చింది. అయిదుసార్లు చదివి ఊరుకున్నాను. ఆరోసారి పంపినవాడు నా దగ్గర సైన్సు చదువుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు. కింద ఒక వాక్యం రాశాడు: "మాస్టారూ, మీరు చూపించింది అబద్ధమా?"

ఆ సందేశం చెప్పేది ఇది. జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు తీసిందంటున్న గెలాక్సీల ఫొటోలు కంప్యూటర్లో గీసినవి. రంగులు పులిమినవి. 1300 కోట్ల ఏళ్ల నాటిదాన్ని ఇవాళ ఫొటో తీయడం అసాధ్యం. ఒకే గెలాక్సీని రెండు మూడుచోట్ల అతికించారు. నిజానిజాలు చూసుకునే దారి మనకు లేదు. వాటిని చూసి ఆశ్చర్యపోయేవాళ్లు అమాయకులు.

రంగుల మాటలో సగం నిజముంది, అక్కడే మొదలుపెడతాను. వెబ్ ప్రధానంగా చూసేది మన కంటికి ఆనని పరారుణ కాంతిని. దాని కెమెరా ఒక్కొక్క వడపోత గుండా ఒక్కొక్క తరంగదైర్ఘ్యాల పట్టీని మాత్రమే పట్టుకుంటుంది. అలా వచ్చే ప్రతి చిత్రమూ నలుపు తెలుపుదే. తర్వాత వాటిని కలిపేటప్పుడు పొట్టి తరంగాలకు నీలం, పొడవైన వాటికి ఎరుపు, నడుమ వాటికి నడిమి రంగులు ఇస్తారు. రంగు ఇచ్చింది మనుషులే, కానీ ఆ వరుస ప్రకృతిది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు నేర్పిన విజయనగరం సంగీత కళాశాలలో ఏ విద్యార్థిని అడిగినా చెబుతారు: శ్రుతి మార్చి పాడినంత మాత్రాన కీర్తన మారదు, స్వరాల మధ్య దూరాలు అలాగే ఉంటాయి. ఇక్కడ జరిగేదీ అదే. మన చెవికి అందని స్థాయిలో ఉన్న పాటను అందే శ్రుతికి తెచ్చి వినిపిస్తున్నారు. ఈ సంగతి ఒక్క ముక్క కూడా రాయకుండా ఫొటోలు అచ్చువేసే పత్రికల మీద నాకూ కోపమే. అనుమానానికి చోటిచ్చింది ఆ మౌనమే.

పరారుణమే ఎందుకు? విశ్వం వ్యాకోచిస్తున్నకొద్దీ దారిలో ఉన్న కాంతి తరంగాలు కూడా సాగుతాయి. జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ నుంచి వచ్చిన వెలుగు సుమారు 15 రెట్లు సాగింది. అతినీలలోహితంగా బయలుదేరినది పరారుణంగా చేరింది. వేడి వస్తువులన్నీ పరారుణాన్ని వెదజల్లుతాయి కనుక టెలిస్కోపు తన వేడితో తానే గుడ్డిదైపోకుండా భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, అయిదు పొరల ఎండతెర చాటున, గడ్డకట్టే చలిలో ఉంచారు.

ఇక గతాన్ని ఫొటో తీయడం. ఉద్దానం నుంచి అండమాన్‌కు పనికి వెళ్లినవాళ్లు ఉత్తరాలు రాసే రోజులు మన పెద్దలకు గుర్తే. ఉత్తరంలో "జ్వరంగా ఉంది" అని ఉంటే అది రాసిన రోజు జ్వరం. ఇక్కడ చదివే రోజుకు ఆ మనిషి కోలుకుని పనిలోకి వెళ్లి ఉండవచ్చు. వెలుగు అలాంటి ఉత్తరం. అరసవల్లి గుడిలో మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాలను తాకే కిరణం సుమారు 8 నిమిషాల కిందట సూర్యుణ్ణి విడిచినది. కిందటి నవంబరు అమావాస్య రాత్రి కళింగపట్నం తీరాన, లైటుహౌసు వెలుగుకు దూరంగా జరిగి, ఈ పిల్లవాడికి నడినెత్తిన ఒక మసక మచ్చ చూపించాను. అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుగు వయసు 25 లక్షల ఏళ్లు. ఏ యంత్రమూ లేకుండా, ఒట్టి కంటితో వాడు అంత పాత కాలాన్ని చూశాడు. జేడ్స్ గెలాక్సీ వెలుగు విశ్వం పుట్టిన 30 కోట్ల ఏళ్ల లోపే బయలుదేరింది. దూరం పెరిగింది, సూత్రం మారలేదు.

అంత మసక వెలుగు ఎలా దొరుకుతుందంటారా? వానాకాలం చూరు కింద చెంబు పెడితే నిండేది ఎంత, గంగాళం పెట్టి రాత్రంతా వదిలేస్తే నిండేది ఎంత? వెబ్ అద్దం వెడల్పు 6.5 మీటర్లు. 2022 జులైలో విడుదలైన మొదటి లోతు చిత్రానికి (ఒకే చోటును చాలాసేపు చూసి తీసేది) పన్నెండున్నర గంటల పాటు వెలుగును పోగుచేసింది. చాచిన చేతి కొసన పట్టుకున్న ఇసుక రేణువు ఎంత ఆకాశాన్ని కప్పుతుందో అంతే ఆ చిత్రంలో ఉన్నది. అందులో వేల గెలాక్సీలున్నాయి. ఇప్పటికీ దాన్ని తెరిచిన ప్రతిసారీ నా మాట ఆగిపోతుంది. దీన్ని అమాయకత్వం అంటే ఒప్పుకోను.

అతికించారన్న గెలాక్సీలు కూడా ఆ చిత్రంలోనివే. మధ్యలో ఎస్‌మ్యాక్స్ 0723 అనే గెలాక్సీల గుంపు ఉంది. దాని బరువు తన వెనక నుంచి వచ్చే కాంతిని వంచుతుంది. గాజు గ్లాసు అడుగు గుండా దీపాన్ని చూడండి, ఒకే జ్వాల సాగి విల్లులా వంగి రెండుచోట్ల కనిపిస్తుంది. ఐన్‌స్టీన్ 1915లో పూర్తి చేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం నుంచి తేలిన విషయమిది. ఇలా రెండుగా కనిపించిన, గెలాక్సీ నడిబొడ్డున విపరీతంగా వెలిగే ఒక క్వాసార్‌ను 1979లోనే కనుగొన్నారు, వెబ్ నింగికెగరడానికి 42 ఏళ్ల ముందు.

చూసుకునే దారి లేదనడం పూర్తిగా తప్పు. వెబ్ పంపే ముడి సమాచారం కొంత వెంటనే, మిగతాది సాధారణంగా ఏడాది లోపు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా అందుతుంది. పుణేలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం పరిశోధకులు అలాంటి సమాచారంలోనే, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసున్న నాటి సర్పిల గెలాక్సీని గుర్తించి అలకనంద అని పేరు పెట్టారు.

ఆదివారం ఆ పిల్లవాణ్ణి ఇంటికి పిలిచి, రంగులు వేయని చిత్రాలు నా కంప్యూటర్లో తెరిచాను. ఒకే చోటు, రెండు వడపోతలు. పొట్టి తరంగాల చిత్రంలో ఏమీ లేని చోట, పొడవైన తరంగాల చిత్రంలో చిన్న తెల్లని మచ్చ. బాగా దూరపు గెలాక్సీలను మొదట వెతికేది ఇలాగే, దారిలోని హైడ్రోజన్ పొట్టి తరంగాలను మింగేస్తుంది కనుక. దుమ్ము కప్పిన దగ్గరి గెలాక్సీ కూడా అలా కనిపించవచ్చని, తేల్చడానికి వర్ణపటం, అంటే వెలుగును తరంగాల వారీగా విడదీసిన పట్టీ, కావాలని చెప్పాను. వాడు సరేనని మళ్లీ మొదటి చిత్రానికి వెళ్లాడు. మళ్లీ రెండోదానికి. అలాంటి మచ్చలు ఇంకెన్ని ఉన్నాయో నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటూ చీకటి పడేదాకా లెక్కపెడుతూనే ఉన్నాడు.