ఎండ ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి

కరెంటు బిల్లు చేతికి రాగానే అందరి కళ్లూ వెతికేవి రెండే: ఎన్ని యూనిట్లు కాలాయి, ఏ శ్లాబులో పడ్డాం. ఆ యూనిట్లు ఏ వేళ కాలాయన్నది బిల్లులో ఉండదు, ఎవరూ అడగరు. బొగ్గు ఒక్కటే దిక్కైన రోజుల్లో ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. ఇప్పుడు ఉంది.

2025 జూన్ నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్‌తో పనిలేనిదే. 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని అయిదేళ్లు ముందే అందుకున్నామని కేంద్రం ఘనంగా చెప్పుకొంది. చెప్పుకోదగ్గదే. అయినా దేశంలో తయారయ్యే ప్రతి నాలుగు యూనిట్లలో దాదాపు మూడు ఇప్పటికీ బొగ్గు మండించి తీసినవే. సౌర ఫలకాలకు పని ఎండ ఉన్నంతసేపే. మన ఇళ్లలో వాడకం ఎగబాకేది పొద్దుగూకాక. మధ్యాహ్నం సౌర విద్యుత్తు వెల్లువెత్తితే థర్మల్ కేంద్రాలు తగ్గాలి. బాయిలరేమో స్విచ్చుతో ఆర్పి వెలిగించే బల్బు కాదు. థర్మల్ యంత్రం ఉత్పత్తిని దాని సామర్థ్యంలో 55 శాతం దాకా దించడమే ప్రయాస, అంతకన్నా దించితే యంత్రానికి చేటు. అందుకే రాత్రి అవసరానికి వాటిని పగలంతా సగం మంట మీద ఉంచుతున్నారు. ఓర్వకల్లు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల మధ్య వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఉన్నా, సాయంత్రం ఏడింటికి దాని నుంచి వచ్చేది సున్నా. నీటిని ఎగువకు తోడి రాత్రికి దాచుకునే పంప్డ్ స్టోరేజీ ఒక దారి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో అందుకు తగిన యంత్రాలు ఆరు ఎప్పటి నుంచో ఉన్నాయి, పిన్నాపురంలో కొత్తవి వచ్చాయి. ఇవి ఖర్చుతో, కాలంతో కూడిన పనులు. పగటి కరెంటును పగలే వాడుకోవడానికి మాత్రం రిజర్వాయరు కట్టనక్కర్లేదు.

ఇంటి డాబా మీద సౌర ఫలకాలకు రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలైంది, మంచిదే. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు రూ.30,000, మూడు కిలోవాట్లు ఆపైన అయితే మొత్తంగా రూ.78,000 రాయితీ. మన ఎండకు కిలోవాటు ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. మూడు కిలోవాట్లు పెట్టుకున్న మధ్యతరగతి ఇంటి బిల్లు దాదాపు చెరిగిపోతుంది. నెట్ మీటరు లెక్క కట్టేది ఎన్ని యూనిట్లు పోయాయి, ఎన్ని వచ్చాయన్నదే. మధ్యాహ్నం గ్రిడ్‌కు వదిలిన యూనిట్‌నూ రాత్రి గ్రిడ్ నుంచి లాగిన యూనిట్‌నూ అది ఒకే గాటన కడుతుంది. బిల్లు సున్నా వచ్చింది కాబట్టి తాను బొగ్గు వాడటం లేదనుకునే గృహస్థు నిజానికి రాత్రి ఏసీని బొగ్గుతోనే నడుపుతున్నాడు. పైగా బ్యాటరీ లేని ఇలాంటి ఏర్పాటు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఫలకాలుండగా ఫ్యాను తిరగదేమని కొత్తగా పెట్టించుకున్నవారు విస్తుపోతుంటారు. తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన కట్టుబాటు అది. ఈ మాట అమ్మేటప్పుడే చెప్పాలి.

వేళ మార్చుకోవడం సాధ్యమేనా అంటే రైతును చూడాలి. రాత్రి కరెంటుకు పొలం వెళ్లి పాముకాటుకు, షాకుకు బలైనవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో సాగుకు పగలే తొమ్మిది గంటలు ఇవ్వాలన్న విధానం వచ్చాక మోటార్లు ఎండవేళకు మళ్లాయి. పల్లె చేసిన పని పట్నం చేయలేదా? అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మోటారు వేసేది తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడే వేళ. అదే ట్యాంకు మధ్యాహ్నం నింపితే నీళ్లేమీ చెడిపోవు. ఇంట్లో మనిషి ఉంటే పిండి రుబ్బడం, బట్టలు ఉతకడం పదకొండింటికి కానివ్వచ్చు. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను రాత్రి పడుకోబోతూ తగిలించే అలవాటు పోవాలంటే ఆఫీసుల పార్కింగులో ప్లగ్గులుండాలి. వేసవి రాత్రి ఏసీని మాత్రం మధ్యాహ్నానికి జరపలేం. అక్కడ చేయగలిగింది 24 డిగ్రీల దగ్గర ఉంచడం, పాత ఫ్యాన్లు మార్చడం. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 11 చాలు. ఇంటికి మూడు ఫ్యాన్లనుకుంటే మిగిలే దాదాపు యాభై యూనిట్లు ఒక్కోసారి శ్లాబునే మార్చేస్తాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ సొంత డాబా ఉన్నవారికి సులువు. అద్దె ఇంటివారికి, అపార్ట్‌మెంటు వాసులకు సూర్యఘర్‌లో దక్కింది తక్కువ. నివాస సంఘాలకు ఇచ్చేది కిలోవాటుకు రూ.18,000, అదీ లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకే. ఎక్కడో పెట్టిన ఉమ్మడి ఫలకాల కరెంటును ఎవరి వాటా వారి బిల్లులో తగ్గించే వర్చువల్ నెట్ మీటరింగుకు ఢిల్లీ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. అపార్ట్‌మెంట్లు వందలుగా లేస్తున్న హైదరాబాద్‌లో, విశాఖలో ఇది కాగితం దాటి ఊళ్లోకి రావాలి. ఇక 200 యూనిట్ల దాకా ఉచితం అన్నచోట డాబా మీద ఫలకాలు ఎవరు పెడతారు? ఉచితం తీసేయమనడం లేదు, పేదవాడి దీపం ఆర్పి పర్యావరణాన్ని కాపాడక్కర్లేదు. ప్రభుత్వం ఏటా డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) కట్టే ఆ రాయితీ సొమ్ములో కొంత ఒకేసారి ఫలకాలుగా ఆ ఇంటికే ఇస్తే ఖజానా భారమూ తగ్గుతుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా బిగిస్తామన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయంలో ఉన్నది ఆ ఆలోచనే. అమలు ఎంత వేగంగా సాగుతుందన్నదే చూడాలి.

ఎండవేళ ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, సాయంత్రం ఎక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధనలు మార్చింది. 2025 ఏప్రిల్ నుంచి సాగు తప్ప అందరికీ వర్తించాలన్నది గడువు. ఇందుకు ఏ వేళ ఎంత కాలిందో నమోదు చేసే స్మార్ట్ మీటరు కావాలి. దానిపై జనానికి అనుమానాలు ఊరికే రాలేదు: సర్దుబాటు చార్జీల పేరిట ఏళ్లనాటి బాకీలు వడ్డించిన చేతులే ఆ మీటరును తెస్తున్నాయి. కాబట్టి ఇళ్ల విషయంలో ముందు తగ్గింపే రావాలి. ఇష్టపడినవారికి పగటి ధర తగ్గించి చూపాలి. రాత్రి అదనం మాట రెండు మూడేళ్ల తర్వాత చూసుకోవచ్చు. డిస్కంలు ఏటా నవంబరు ఆఖరుకు వచ్చే ఏడాది టారిఫ్ ప్రతిపాదనలు ధరలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండళ్ల (ఈఆర్‌సీల) ముందు పెడతాయి, తర్వాత బహిరంగ విచారణలు జరుగుతాయి. రైతు సంఘాలు, పరిశ్రమల ప్రతినిధులు అక్కడ గట్టిగా వాదిస్తారు. కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంటు సంఘాలు ఈసారి ఆ గుమ్మం ఎక్కి, ఇళ్లకు పగటి ధర కావాలని రాతపూర్వకంగా అడగాలి.