ఇష్టమైన పని మొహం మొత్తినప్పుడు

ఏళ్ల తరబడి ప్రాణంగా చూసుకున్న వ్యాపకం మీద ఇష్టం ఒక్కరోజులో పోదు. ముందు సాకులు మొదలవుతాయి. వయొలిన్ పెట్టె తెరవడానికే బద్ధకం వేస్తుంది, తెరిచినా శ్రుతి చేసి మళ్లీ మూసేస్తారు, ఎవరైనా అడిగితే ఈమధ్య తీరిక దొరకడం లేదంటారు. అసలు కారణం తీరిక కాదని ఆ మాట అనేవారికీ తెలుసు. ఈ దశలో సాధారణంగా రెండు సలహాలు వినబడతాయి. ఇన్నేళ్లు చేసినదాన్ని వదలొద్దని కొందరు, విసుగు పుడితే మానేసి కొత్తదేదైనా వెతుక్కోమని మరికొందరు చెబుతారు. నా దృష్టిలో రెండూ తొందరపాటు సలహాలే. విసుగు పుట్టింది ఆ పని మీదా, దాని చుట్టూ ఏళ్లుగా పేరుకున్న హంగుల మీదా అన్నది తేలకుండా ఏ నిర్ణయం తీసుకున్నా అది గుడ్డిగా తీసుకున్నదే అవుతుంది.

ఆ హంగుల్లో మొదట అనుమానించాల్సింది లెక్కలను. పుస్తకాలంటే చెవి కోసుకునే మనిషి ఏడాదికి యాభై చదవాలని లక్ష్యం పెట్టుకుంటాడు. అక్టోబరు వచ్చేసరికి లెక్క వెనకబడుతుంది. అప్పటినుంచి అలమారలో అతని చేయి సన్నటి పుస్తకాల మీదికే పోతుంది. ఎంతోకాలంగా చదవాలనుకుంటున్న ఎనిమిది వందల పేజీల నవల అక్కడే ఉంటుంది గానీ, దాన్ని ముట్టుకుంటే సంఖ్య పడిపోతుంది. డిసెంబరులో లక్ష్యం నెరవేరుతుంది, చదవాలన్న కోరిక మాత్రం సన్నగిల్లుతుంది. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జోర్డాన్ ఎట్కిన్ 2016లో ప్రచురించిన ప్రయోగాలు ఈ అనుభవానికి ఆధారం చూపించాయి. రంగులు వేయడం, నడవడం, చదవడం వంటి పనులను కొలవడం మొదలుపెట్టగానే మనుషులు వాటిని ఎక్కువగా చేశారు, కానీ తక్కువగా ఆనందించారు. అడుగులు లెక్కపెట్టే గడియారం చార్జింగ్ అయిపోతే నడక మానేసేవారిని చూస్తే ఈ ఫలితం ఆశ్చర్యమనిపించదు.

మెప్పు, బహుమతి కూడా ఇలాగే పనిచేస్తాయి. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్‌లోని ఒక శిశు పాఠశాలలో, బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లలను ఎంచుకున్నారు. బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత తరగతిలో రంగుల పెన్నులు ఊరికే పెట్టి చూస్తే, బహుమతి కోసమని గీసిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. చెప్పకుండా బహుమతి పొందినవారిలో ఆ తగ్గుదల లేదు. అంటే దెబ్బ కొట్టింది బహుమతి కాదు, దాని కోసమే గీస్తున్నామన్న భావన. ఈనాడు ఫొటో తీసిన మరుక్షణమే ఎంతమంది మెచ్చుకున్నారో చూసుకునే పెద్దలు ఆ పిల్లల స్థితిలోనే ఉన్నారు, వాళ్ల ప్రశంసాపత్రం గంటగంటకూ కొత్తగా వస్తుంది, అంతే తేడా.

పనికీ, దాని చుట్టూ ఉన్న భారానికీ తేడా ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా టెన్నిస్ క్రీడాకారిణి యాష్లీ బార్టీ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2011లో పదిహేనేళ్ల వయసులో వింబుల్డన్ బాలికల టైటిల్ గెలిచిన ఆమె, 2014లో పద్దెనిమిదేళ్లకే ఆటకు దూరమైంది. నెలల తరబడి ఇంటికి దూరంగా తిరగడం, చిన్న వయసులోనే మీదపడిన అంచనాలు ఆమెను అలసిపోయేలా చేశాయి. ఆ విరామంలో బ్రిస్బేన్ హీట్ జట్టు తరఫున క్రికెట్ ఆడింది. 2016లో తిరిగి రాకెట్ పట్టి, 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్, 2022 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. రెండు నెలలు తిరగకముందే, పాతికేళ్ల వయసులో, ప్రపంచ నంబర్‌వన్‌గా ఉండగానే రిటైరైంది. మొదటిసారి వదిలినప్పుడు ఆట ఇంకా ఆమెలో మిగిలే ఉంది. రెండోసారి ఆమె ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది. బయటివారికి రెండు నిష్క్రమణలూ ఒకేలా కనిపించి ఉండవచ్చు, ఆమెకు మాత్రం కావు.

సామాన్యులు ఈ తేడాను పసిగట్టాలంటే హంగులను కొంతకాలం పక్కన పెట్టి చూడాలి. పోటీలు, లక్ష్యాలు, పదిమందికీ చూపించడం ఆపేసిన తర్వాత కూడా చేయి దానంతటదే ఆ పని వైపు పోతోందంటే ఇష్టం బతికే ఉందన్నమాట. ఆ వ్యాపకమే జీవనోపాధి అయినవారికి ఇది అంత సులువు కాదని ఒప్పుకోవాలి. వారు చేయగలిగింది మహా అయితే ఎవరికీ అమ్మని, ఎవరికీ చూపని చిన్న భాగాన్ని తమకోసం అట్టిపెట్టుకోవడం. మరో సందర్భం పూర్తిగా వేరు. ఒక్క వ్యాపకమే కాక తిండి, స్నేహం, సంగీతం అన్నీ రుచి కోల్పోయి, ఆ స్థితి రెండు వారాలకు మించి సాగితే అది అభిరుచుల సమస్య కాదు, కుంగుబాటు లక్షణం కావచ్చు, వైద్యుణ్ని కలవాలి.

హంగులన్నీ తీసేసినా మనసు స్పందించకపోతే వదిలేయడంలో తప్పేమీ లేదు. అయితే అక్కడ అడ్డుపడేది పెట్టిన పెట్టుబడి. ఇరవయ్యేళ్ల సాధన, కొన్న పరికరాలు, అన్నిటికీ మించి ‘ఆయన గొప్ప చదరంగ ఆటగాడు’ అన్న పేరు. ఖర్చయిన ఏళ్లు కొనసాగించినా తిరిగిరావు, మానేసినా రావు. ఈ సంగతి తెలిసి కూడా చాలామంది ఆ పేరు కోసమే మొక్కుబడిగా ఆడుతూ ఉండిపోతారు.

ఇక కొత్త అభిరుచి విషయంలో జనం ఎక్కువగా పొరబడేది, అది ఎక్కడో సిద్ధంగా ఉండి తారసపడుతుందని అనుకోవడంలో. మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో కృష్ణబిలాల గురించిన ఆసక్తికరమైన వీడియో చూసినవారంతా ముచ్చటపడ్డారు. ఆ తర్వాత అదే విషయం మీద కఠినమైన శాస్త్రీయ వ్యాసం ఇవ్వగానే, అభిరుచి అనేది పుట్టుకతో స్థిరపడి ఉంటుందని నమ్మేవారి ఉత్సాహం మిగతావారికన్నా ఎక్కువగా చల్లారిపోయింది. ఒక రంగంలో ఆరితేరినవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే వారు కొత్త పనిలోని తమ తప్పటడుగులను పాత పనిలోని నైపుణ్యంతో పోల్చుకుంటారు. వయొలిన్‌లో కచేరీ స్థాయికి చేరిన మనిషికి మట్టితో తాను చేసిన మొదటి వంకర కుండ అవమానంగానే తోస్తుంది. అందుకే కొత్తగా పట్టుకున్న పనిని కొన్ని నెలలపాటు ఎవరికీ చెప్పకపోవడం, ఏ లెక్కా రాయకపోవడం, అందులో పేరు తెచ్చుకునే ఆలోచన పెట్టుకోకపోవడం మంచిది. ఆ నెలల్లో ఎన్ని కుండలు పగిలినా అడిగేవారుండరు.